పన్ను పీకించడానికీ ఓ వేళ వుంది

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మొన్న శ్రావణమాసంలో మా వీధి చివరింట్లో పేరంటానికి వెళ్ళాను. పక్కన కూర్చున్నావిడ మాటల్లో అంది: "మా అమ్మాయికి ఎత్తుపళ్ళు కదండీ. నాలుగు పళ్ళు తీసి క్లిప్పులు వెయ్యాలన్నారు. దసరా సెలవుల్లో ఆ పీకించే పనేదో కానిచ్చేస్తే, క్లిప్పుల సంగతి వచ్చే వేసవిలో చూసుకోవచ్చు. ఎటూ పీకాల్సినవే కదా!" అని.

నా చేతిలో శనగలు చేతిలోనే వుండిపోయాయి. ఎందుకంటే సరిగ్గా ఈ మాటే, ఇంచుమించు ఈ ముక్కలతోనే, ఏడేళ్ళ కిందట నేను ఒకరికి సలహాగా చెప్పాను. చెప్పి, దాని ఫలితం కళ్ళారా చూశాను. అందుకని ఇవాళ ఆ సంగతే మీతో మాట్లాడదామని కూర్చున్నాను.

మా పెద్దాడపడుచు కూతురు చక్కని పిల్ల. అయితే ముందుపళ్ళు ఎత్తు. పెదవులు కలిపి మూసుకుందామంటే గడ్డం దగ్గర చర్మం ముడుచుకుపోయేది. ఎవరైనా ఫొటో తీస్తామంటే చెయ్యి నోటికి అడ్డం వచ్చేసేది. ఇంటర్ పరీక్షలయ్యాక వాళ్ళ వూళ్ళో ఒక పళ్ళ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పైన రెండు, కింద రెండు పళ్ళు తీసేసి ఆ ఖాళీలోకి ముందుపళ్ళని వెనక్కి లాగాలన్నారట. మా వదిన నాకు ఫోను చేసింది. రేడియోలో మాట్లాడతాను కదా, నాకు అన్నీ తెలుసని మావాళ్ళ నమ్మకం. నేను చదివింది పదో తరగతి! "క్లిప్పుల డబ్బు చీటీ పాడితేగానీ చేతికి రాదు. ఏం చెయ్యమంటావ్?" అంది. "సెలవులు పోతే మళ్ళీ రావు వదినా, పళ్ళు పీకించేయండి. నొప్పి అదీ తగ్గిపోతుంది. క్లిప్పులు నెమ్మదిగా వేయించుకోవచ్చు" అన్నాను. ఆ ఆస్పత్రి వాళ్ళూ కాదనలేదు. వారం తేడాతో రెండేసి చొప్పున నాలుగు పళ్ళూ తీసేశారు. క్లిప్పులు ఎప్పుడు, ఎవరు వేస్తారు అని ఒక్కరూ అడగలేదు.

చీటీ అనుకున్న నెలలో రాలేదు. ఈలోగా పిల్ల మా వూళ్ళో కాలేజీలో చేరింది. సంక్రాంతి వెళ్ళింది, మళ్ళీ వేసవి వెళ్ళింది. చివరికి పధ్నాలుగు నెలల తరవాత నేనే దాన్ని వెంటబెట్టుకుని పళ్ళ వరస సరిచేసే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఈ పని ప్రత్యేకంగా చదువుకున్నవాళ్ళని ఆర్థోడాంటిస్టు అంటారు. ఆయన నోరు చూసి, ఎక్స్‌రే తీయించి, పళ్ళకి అచ్చు తీసి ఆ తెల్లటి బొమ్మని నా చేతికిచ్చారు. "పీకిన చోట వేలు పెట్టి చూడండమ్మా" అన్నారు. పెట్టాను. రెండువైపులా చిగురు నొక్కుకుపోయి, ఇసుక గడియారం నడుంలాగా సన్నగా వుంది. "ఈ ఖాళీలో సగం వెనకపళ్ళు ముందుకొచ్చి తినేశాయి. మిగిలిన సగంలో ఎముక సన్నబడింది. పళ్ళు తియ్యడం తప్పు కాదమ్మా. తీసి ఇన్నాళ్ళు వూరుకోవడం తప్పు" అన్నారాయన.

తప్పు ఎవరిదో నాకు తెలుసు కనక తల దించుకున్నాను. ఆ తరవాత దాదాపు మూడేళ్ళు నెలకోసారి ఆ పిల్ల వెంట వెళ్ళి, ఆయన్ని ప్రశ్నలతో విసిగించి, కొంత చదివించుకుని తెలుసుకున్నవి ఇప్పుడు చెబుతాను.

ముందు మీకొచ్చే అనుమానం నాకూ వచ్చింది. పుచ్చని, కదలని, నిక్షేపంలాంటి పళ్ళు పీకడమేమిటి? ఈ తగవు ఇవాళ్టిది కాదండీ. అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ అని, ఈ వైద్యానికి మూలపురుషుడనదగ్గ డాక్టరు వుండేవాడు. దేవుడిచ్చిన పళ్ళలో ఒక్కటి కూడా తియ్యకూడదని ఆయన పట్టు. 1930లో ఆయన పోయాక, ఆయన శిష్యుడే చార్లెస్ ట్వీడ్ అనే ఆయన, గురువు చెప్పినట్టే పళ్ళు తియ్యకుండా వైద్యం చేసి చూసుకుంటే చాలామందికి పళ్ళు మళ్ళీ ముందుకొచ్చేస్తున్నాయి, మొహం పొంకంగా లేదు. అలాంటివాళ్ళని తిరిగి పిలిచి, పైసా తీసుకోకుండా, నాలుగు పళ్ళు తీసి మళ్ళీ వైద్యం చేశాడు. 1940లో అలాంటి నూరుమంది అచ్చులూ ఫొటోలూ తోటి డాక్టర్ల ముందు పెట్టాడు. గురువు మాట కాదన్నందుకు చాలా మాటలు పడ్డాడు కూడా. ఇప్పుడు అందరికీ తియ్యరు, ఎవరికీ తియ్యమనీ అనరు. దవడలో చోటు బాగా తక్కువైనా, పళ్ళు మరీ ఎత్తుగా వున్నా తీస్తారు. తీసేది సాధారణంగా కోరపన్ను వెనకే వుండే చిన్న దవడపన్ను. దాని వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. రెండువైపులా కలిపితే ఒక్కో వరసకి 14.

ఈ 14 మిల్లీమీటర్లే మన పెట్టుబడి అనుకోండి. దీన్ని ఎవరు వాడుకుంటారన్నదే అసలు సంగతి. ముందుపళ్ళు వెనక్కి రావడానికి వాడుకుంటే మనకి లాభం. మనం చూడకుండా వూరుకుంటే వెనకున్న పెద్ద దవడపళ్ళు ముందుకు ఒరిగి వాడేసుకుంటాయి. సినిమాహాల్లో కుర్చీ ఖాళీ చేసి బయటికెళితే పక్కవాడు జరిగి కూర్చున్నట్టే! క్లిప్పులు వున్నప్పుడైతే డాక్టరు ఆ వెనకపళ్ళని కట్టి వుంచుతారు. దవడ ఎముకలో చిన్న మర దింపి దాని ఆధారంతో లాగడం కూడా ఇప్పుడు మామూలయింది. మా పిల్లకి చివరికి అదే చెయ్యాల్సి వచ్చింది.

అది సగం కథ. రెండో సగం ఎముకది. దీనికి పన్ను ఎలా జరుగుతుందో కాస్త తెలియాలి.

పన్ను ఎముకలో మేకులాగా దిగ్గొట్టి వుండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నారపొర ఒకటి వుంటుంది. దాని మందం మిల్లీమీటరులో అయిదో వంతు. ఉయ్యాలని తాళ్ళు పట్టుకున్నట్టు ఆ నారలు పన్నుని పట్టుకుని వుంటాయి. తీగతో పన్నుని ఒక పక్కకి మెల్లగా నెట్టారనుకోండి, ఆ పక్క నారపొర నలుగుతుంది. అప్పుడు ఎముకని కరిగించే కణాలు అక్కడ చేరి పన్నుకి దారి చేస్తాయి. వెనకవైపు నారలు సాగుతాయి. అక్కడ ఎముకని కట్టే కణాలు చేరి ఖాళీ అయిన చోటు పూడుస్తాయి. ముందు తవ్వుతూ, వెనక పూడ్చుకుంటూ పన్ను నడుస్తుందన్నమాట. ఆ నడక నెలకి సుమారు ఒక్క మిల్లీమీటరు. 7 మిల్లీమీటర్లు మూయడానికి ఏడెనిమిది నెలలు పట్టేది అందుకే. "కాస్త గట్టిగా బిగించండి డాక్టరుగారూ, తొందరగా అయిపోతుంది" అని నేనూ అన్నాను. ఆయన నవ్వారు. ఎక్కువ బిగిస్తే నారపొరకి రక్తం ఆడదు. అక్కడి కణాలు చచ్చిపోతే పన్ను కొన్ని వారాలు కదలకుండా మొరాయిస్తుంది. వేరుకి కూడా చేటు.

ఇప్పుడు పీకిన గుంటలోకి వద్దాం. పన్ను తియ్యగానే గుంట రక్తంతో నిండి గడ్డకడుతుంది. ఆ గడ్డే రాబోయే ఎముకకి విత్తనం. మొదటి రోజు గట్టిగా పుక్కిలించవద్దనేది, ఉమ్మవద్దనేది, స్ట్రా పెట్టి తాగవద్దనేది దాన్ని కాపాడుకోవడానికే. వారానికి ఆ గడ్డ స్థానంలో ఎర్రటి మెత్తటి కండలాంటిది పెరుగుతుంది. ఇంకో వారం పది రోజులకి అందులో లేత ఎముక అల్లుకోవడం మొదలవుతుంది. అది జల్లెడలాగా వదులుగా వుంటుంది. మూడు నాలుగు నెలలకి గుంట చాలామటుకు నిండుతుంది. తరవాత నెలల తరబడి ఆ లేత ఎముకే ముదిరి గట్టిపడుతుంది.

ఈ పని జరుగుతున్నంతసేపూ పక్కనున్న ఎముక కూడా మేలుకుని వుంటుంది. ఎముకకి ఒకచోట దెబ్బ తగిలితే ఆ చుట్టుపక్కలంతా కరగడం, కట్టడం రెండూ కొన్నాళ్ళపాటు జోరందుకుంటాయని ఫ్రాస్ట్ అనే అమెరికన్ ఎముకల డాక్టరు 1983లో రాశారు. పెళ్ళివారింటి పక్కింట్లో కూడా పొయ్యి ఆరనట్టు! ఆ జోరులో పన్నుని జరిపితే, ఎదురుగా లేత ఎముక, చుట్టూ చురుకైన కణాలు. జరగడం సులువు. ఆ జోరు చల్లారాక, ఎదురుగా ముదురు ఎముక వున్నప్పుడు జరిపితే ఆలస్యం.

ఇది ఊరికే ఊహ కాదని చూపించిన ప్రయోగం ఒకటుంది. 1997లో స్విట్జర్లాండు డాక్టర్లు కొంతమంది పిల్లలకి ఒకవైపు పన్ను ముందు తీసి, రెండోవైపు పన్ను సుమారు మూడు నెలల తరవాత తీశారు. అప్పుడు రెండువైపులా కోరపళ్ళని ఒకేసారి వెనక్కి లాగడం మొదలుపెట్టారు. మనిషి ఒకరే, నోరు ఒకటే, తేడా పీకిన వేళలోనే. కొత్తగా పీకిన వైపు కోరపన్ను త్వరగా నడిచింది. అయితే చూశారూ, అటువైపు పన్ను కాస్త ఎక్కువ ఒరిగింది కూడా. మెత్తటి నేలలో గుంజ త్వరగా కదులుతుంది, త్వరగా వాలుతుంది. వాలినదాన్ని మళ్ళీ నిలబెట్టడానికి కొంత కాలం పోతుంది. అంచేత "ఇవాళ పీకి రేపే లాగెయ్యండి" అనుకోవడం కూడా సరికాదు. చిన్న ప్రయోగం, అందరికీ ఇంతే లెక్క అని దీన్నిబట్టి చెప్పడానికి లేదు. కానీ ఏళ్ళూ పూళ్ళూ ఆగకూడదని మాత్రం నాకు అర్థమయింది.

ఆగితే పోయేది జోరొక్కటే కాదు, వెడల్పు కూడా. ఇది వినండి. 2003లో డెన్మార్కు డాక్టర్లు ఒక్కొక్క దవడపన్ను పీకించుకున్న 46 మందిని ఏడాదిపాటు కొలుస్తూ వచ్చారు. మొదట సగటున 12 మిల్లీమీటర్లున్న దవడగట్టు వెడల్పు ఏడాది తిరిగేసరికి 6కి దిగిపోయింది. సగానికి సగం! ఆ తరిగినదాంట్లో మూడింట రెండొంతులు మొదటి మూడు నెలల్లోనే తరిగిపోయింది. పన్ను లేనిచోట ఎముకకి పనిలేదు. పనిలేని ఎముక కరిగిపోతుంది. కరగడం కూడా ఎక్కువగా బుగ్గవైపునుంచి.

కోరపన్ను వేరు లావుది. దాన్ని ఆ సన్నబడ్డ గట్టులోంచి తీసుకెళ్ళడమంటే, పెద్ద బీరువాని సన్నటి సందులోంచి జరపడమే. జరగదని కాదు. పన్ను నడుస్తూ తనతోపాటు కొంత ఎముకని కూడా తెచ్చుకుంటుంది. మా పిల్లకీ జరిగింది. కానీ నెమ్మదిగా, భయం భయంగా, వేరుమీద ఎముక పలచబడుతోందేమో, చిగురు దిగుతోందేమో అని మాటిమాటికీ చూసుకుంటూ. ఏడాదిన్నర, రెండేళ్ళు అనుకున్నది దాదాపు మూడేళ్ళు పట్టింది. కుడివైపు పైన గోరంత సందు ఇప్పటికీ వుంది. ఆ మధ్యలో ఒక సంబంధం వచ్చి, "క్లిప్పులు తీశాక కబురు చెయ్యండి" అని వాళ్ళు వెళ్ళిపోతే మా వదిన నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

అయితే పన్ను తీసి కావాలనే ఆగే సందర్భాలూ వున్నాయి. అది చెప్పకపోతే రేపు మీరు డాక్టరుతో తగవుకి దిగుతారు! ముందుపళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కి, సంతలో జనంలాగా కిక్కిరిసి వుంటే, పక్కన చోటు ఇవ్వగానే క్లిప్పుల్లేకుండానే అవి కొంత సర్దుకుంటాయి. కింది వరసలో ఇది బాగా కనిపిస్తుంది. అంచేత కొందరు డాక్టర్లు కొన్ని నెలలు చూసి అప్పుడు క్లిప్పులు వేస్తారు. వెనకపళ్ళు జరగకుండా లోపలివైపు తీగ ఒకటి బిగించి మరీ చూస్తారు. ఆ ఆగడం వేరు, మనం చీటీ డబ్బుల కోసం ఆగడం వేరు.

ఇంకొందరికి దీనికి తిరగేసి చేస్తారు. పళ్ళు వరసలో బాగానే వుండి ఎత్తు మాత్రమే వుంటే, ముందు క్లిప్పులు వేసి, నాలుగైదు నెలలు వరస దిద్ది, గట్టి తీగ పెట్టాక, ఇక లాగబోతున్నామనగా అప్పుడు పళ్ళు తీయిస్తారు. పీకిన గుంట ఒక్కరోజు కూడా వృథా పోకూడదని. మా చెల్లెలి కొడుక్కి ఇలాగే చేశారు. క్లిప్పులు వేశాక పీకుతారేమిటని మా చెల్లెలు కంగారుపడింది గానీ, అందులో కిటుకు ఇదీ. ఎవరికి ఏ పద్ధతి అన్నది నోటిని బట్టి వుంటుంది. జాకెట్టు కుట్టేవాడు కొలత తీసుకోకుండా మనమే గుడ్డ కత్తిరించి పెట్టం కదా? క్లిప్పులు వేసే డాక్టరు చూసి, ఏ పన్ను, ఏ వారంలో అని చీటీ రాసిచ్చాకే పీకించండి. పీకేది ఇంకో డాక్టరైనా ఫరవాలేదు. చీటీ మాత్రం ఈయన రాయాలి. మొత్తం ఖర్చెంత, ఎన్ని వాయిదాలు, పీకిన ఎన్నాళ్ళకి తీగ వేస్తారు అన్నవి పీకకముందే అడగండి. డబ్బు అమరకపోతే పన్నుని నోట్లోనే వుండనివ్వండి. నోట్లో వున్న పన్ను ఎముకని కాపాడుతూ వుంటుంది, దానికి వడ్డీ ఏమీ కట్టక్కర్లేదు.

పై పళ్ళు పీకిస్తే కళ్ళు పోతాయని మా అత్తగారు గోలపెట్టారు. పైపన్ను నరాలకీ చూపునిచ్చే నరానికీ సంబంధం లేదు. ఆ భయం వదిలెయ్యండి.

ఇక చిన్నపిల్లల తల్లులకి ఒక మాట. పాలపళ్ళ విషయంలో వేళ ఇంకా ముఖ్యం. "పాలపన్నేగా, ఎటూ వూడేదే" అని పుచ్చిన దవడపన్నుని ఆరేడేళ్ళకే పీకించేస్తాం. దాని కింద రావలసిన అసలు పన్నుకి ఇంకా వేరు పూర్తిగా తయారయి వుండదు. పైన ఎముక మూసుకుపోయి అది రావడం ఆలస్యమవుతుంది. ఈలోగా వెనకున్న పన్ను జరిగి దాని చోటు ఆక్రమిస్తుంది. చివరికి అది బుగ్గవైపో నాలుకవైపో వంకరగా వస్తుంది. వూడవలసిన వేళకి కొన్ని నెలల ముందు తీస్తే మాత్రం, కింది పన్ను ఇంకా త్వరగా పైకి వస్తుంది. ఒకే పన్ను, వేళని బట్టి రెండు రకాల ఫలితం. ముందుగా తియ్యక తప్పకపోతే, ఆ ఖాళీని కాపాడే చిన్న తీగ కట్టు ఒకటి వుంటుంది, అడిగి వేయించండి. పెద్ద ఖర్చు కాదు.

ఆరేళ్ళకి పాలపళ్ళన్నిటికీ వెనకాల, ఏ పన్నూ వూడకుండానే ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. అది పాలపన్ను కాదు! జీవితాంతం వుండవలసిన పన్ను. వూడకుండా వచ్చింది కాబట్టి పాలపన్నే అనుకుని ఎంతమంది తల్లులు దాన్ని పుచ్చనిస్తారో. మా పెద్దవాడి విషయంలో నేనూ అంతే. అది మరీ పాడై పీకక తప్పదనుకుంటే, దానికీ ఓ వేళ వుంది. ఎనిమిది, పదేళ్ళ మధ్య తీస్తే, ఇంకా ఎముకలోనే వున్న వెనక పన్ను దానంతట అదే ముందుకొచ్చి, చాలామందిలో ఆ ఖాళీని చక్కగా పూరిస్తుంది. ముఖ్యంగా కింది దవడలో ఈ వేళ దాటితే అది ఒరిగి, సందు మిగిలిపోతుంది. పీకాలా, బాగుచెయ్యాలా అన్నది మాత్రం ఎక్స్‌రే చూసి డాక్టరే చెప్పాలి.

పదేళ్ళొచ్చిన పిల్లల పై చిగుళ్ళని ఒకసారి వేలితో తడిమి చూడండి. పాల కోరపన్నుకి పైన, బయటివైపు, రాబోయే కోరపన్ను ఉబ్బు చేతికి తగలాలి. రెండువైపులా తగలకపోయినా, ఒకవైపు తగిలి ఇంకోవైపు తగలకపోయినా డాక్టరుకి చూపించండి. కొందరిలో అది దారి తప్పి అంగిటివైపు పడుకుని వుంటుంది. వదిలేస్తే పక్క పన్ను వేరుని తినేస్తుంది, పెద్దయ్యాక ఆపరేషను చేసి బయటికి లాగాలి. స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ అనే ఇద్దరు డాక్టర్లు 1988లో రాసినదాని ప్రకారం, పది నుంచి పదమూడేళ్ళ పిల్లలకి పైనున్న ఆ పాల కోరపన్ను ఒక్కటి తీసేస్తే చాలు, దారితప్పిన 46 కోరపళ్ళలో 36 వాటంతట అవే దారిలోకి వచ్చాయి. తీగల్లేవు, కోతల్లేవు. వేళకి ఒక పాలపన్ను తియ్యడం, అంతే.

మనలాంటి నలభై దాటినవాళ్ళు కూడా ఇప్పుడు క్లిప్పులు వేయించుకుంటున్నారు, మంచిదే. పన్ను ఏ వయసులోనైనా జరుగుతుంది, చిగుళ్ళు ఆరోగ్యంగా వుంటే. కాకపోతే షుగరు వున్నవాళ్ళు ముందు దాన్ని అదుపులో పెట్టుకోవాలి. ఎముకలు గుల్లబారకుండా వారానికో నెలకో వేసుకునే మాత్రలున్నాయే, అవి వాడుతుంటే పన్ను పీకకముందే తప్పకుండా చెప్పాలి. ఆ మందులు ఎముక కరగడాన్ని ఆపుతాయి కనక పన్ను జరగడం మందగిస్తుంది, అరుదుగా పీకిన గుంట మానకపోవడం కూడా వుంది.

క్లిప్పులు తీసేశాక పని అయిపోయిందనుకుంటారు. పళ్ళు తీసి మూసిన చోట సందు మళ్ళీ విచ్చుకోవాలని చూస్తూ వుంటుంది. రెండు పళ్ళూ దగ్గరికి వచ్చినా మధ్యనున్న చిగురు మడతపడి నలిగి వుంటుంది, అది రబ్బరులాగా తిరిగి తోస్తుంది. అందుకే పళ్ళని పట్టి వుంచే ప్లేటు ఇస్తారు. మొదట్లో పగలూ రాత్రీ, తరవాత రాత్రిళ్ళు పెట్టుకోవాలి. మా మేనకోడలు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో భోజనాల దగ్గర ఆ ప్లేటు తీసి కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. పాత్రలు తీసేవాడు కాగితంతోపాటు పారేశాడు. "అత్తయ్యా, పది రోజులాగి చేయించుకోనా?" అని ఫోను చేసింది. ఆగవద్దన్నాను. మర్నాడే వెళ్ళి కొత్తది చేయించుకుంది. ప్లేటుతోపాటు చిన్న డబ్బా ఇస్తారు. నోట్లోంచి తీస్తే అందులోనే పెట్టమని మీ పిల్లలకి చెప్పండి.